ఖాళీ గిన్నె, ఒక థాంక్యూ

ఒకే ఒక్క ఇంగ్లీషు మాట వాడి, ఏడాదికి సరిపడా ఆవకాయని గోడకి అవతలే ఆపేసుకున్న ఘనుణ్ణి నేను. నవ్వకండి. సంగతి విన్నాక ఎలాగూ నవ్వుతారు, అందాకా కాస్త ఓపిక పట్టండి.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. రాయపూర్‌లో, గుఢియారీలో, రైలు పట్టాల పక్కన మా ఇల్లు. మా నాన్నా, పక్కింటి బాబాయీ రైల్వేలో ఫిట్టర్లు. ఇద్దరిదీ శ్రీకాకుళం. రెండిళ్ల మధ్య నడుమెత్తు గోడ ఒకటి ఉండేది. దాని మీదుగా మా అమ్మకీ, బాబాయి భార్య పైడమ్మ పిన్నికీ మధ్య రోజూ గిన్నెలు తిరుగుతుండేవి. వచ్చిన గిన్నె ఒట్టిగా వెనక్కి వెళ్లకూడదు, అది రూలు. ఇంట్లో ఏమీ లేకపోతే నాలుగు పచ్చిమిరపకాయలైనా వేసి పంపాలి.

నాకేమో ఉర్లాలో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో ఉద్యోగం ఇస్తామన్నారు, కానీ ఇంగ్లీషు మాట్లాడాలన్నారు. వెంటనే స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులో చేరాను. మా దూబే సర్ మొదటి రోజే బల్ల గుద్ది మరీ చెప్పాడు. "ఎవరేం ఇచ్చినా, ఎవరేం చేసినా థాంక్యూ! అది ఊపిరితో పాటు బయటికి రావాలి!"

ఇంకేముంది, రెచ్చిపోయాను. టాటీబంధ్‌లో ఆటో దిగి థాంక్యూ అంటే, నేనేదో మర్చిపోయాననుకుని ఆటోవాడు పాపం సీటంతా వెతికాడు. కూరగాయల అవ్వకి థాంక్యూ అంటే "కా హోగే బాబూ?" అంటూ, నాకేమైందో, జ్వరమేమోనని నుదురు తాకి చూసింది. ఇంట్లో మా నాన్న విసిగిపోయి "నోర్మూసుకుని అన్నం తిను" అన్నాడు. దానికీ థాంక్యూ చెప్పాను.

ఆ రోజు అమ్మ బజారుకెళ్లింది. పైడమ్మ పిన్ని గోడ మీదుగా చేపల పులుసు అందించింది. చివరి చుక్కదాకా ఊడ్చుకుని తినేశాను. గిన్నెని తళతళలాడేలా తోమి, గోడ దగ్గరికెళ్లి, దూబే సర్ చూస్తే మురిసిపోయేలా, "పిన్నీ, థాంక్యూ వెరీ మచ్!" అన్నాను.

పిన్ని గిన్నెలోకి చూసింది. తర్వాత నా మొహంలోకి చూసింది.

"ఇదేటిరా?"

"గిన్నె పిన్నీ."

"అది కనపడతంది. ఆ అన్నదేటి?"

"థాంక్యూ పిన్నీ. ఎవరైనా ఏదైనా ఇస్తే చెప్పాలి."

"ఎవరైనానా? నాను ఎవరైనానా నీకు? చిన్నప్పుడు జొరమొస్తే మూడు దినాలు నిన్ను ఒళ్లో ఏసుకుని కూకున్నాను. మరప్పుడు చెప్పలేదేటి?"

"అప్పుడు నాకు ఇంగ్లీషు రాదు కదా పిన్నీ!"

ఆహా, ఏం జవాబండీ! ఇప్పటికీ తల్చుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. పిన్ని లోపలికెళ్లి తలుపేసుకుంది.

అసలే అవి ఆవకాయ రోజులు. ఆ పొద్దున్నే పిన్ని ఇంట్లో మామిడికాయలు కొట్టారు, రెండిళ్లకీ కలిపి. మా అమ్మ ఆవకాయ పెడితే నెల తిరక్కుండా బూజు పడుతుందని వీధి వీధంతటికీ తెలుసు.

బజారు నుంచి వచ్చిన అమ్మ సంగతి విని నెత్తి కొట్టుకుంది. "ఒట్టి గిన్నె ఇచ్చావా? పైగా దుకాణంవాడికి చెప్పినట్టు థాంక్యూ చెప్పావా?"

"దూబే సర్..."

"అయితే ఆ దూబే సర్‌నే ఆవకాయ పెట్టమను!"

రెండు రోజులు గోడ మీద గిన్నె కనపడలేదు. ఆవకాయ పోతే పోయింది కానీ, అమ్మ గుమ్మంలో కూర్చుని ఆ గోడవైపే చూస్తుంటే నాకు నిజంగా ఏడుపొచ్చింది. ఇన్నేళ్ల స్నేహం నా వల్ల చెడిపోయింది కదా! పరిగెత్తుకెళ్లి పిన్ని కిటికీ దగ్గర నిలబడ్డాను.

"సారీ పిన్నీ! వెరీ సారీ!"

"ఇంకోటి నేర్సుకొచ్చినావా?" అని ఆ కిటికీ కూడా వేసేసింది.

చివరికి అమ్మే దారి చెప్పింది. "ఒట్టిగా ఇచ్చింది నువ్వు. నువ్వే వండి నింపి ఇయ్యి."

అప్పటిదాకా నేను పొయ్యి వెలిగించిన పాపాన పోలేదు. అయినా గుత్తివంకాయ మొదలెట్టాను. ఉప్పు వేశానో లేదో అని అనుమానం వచ్చి మళ్లీ వేశాను. ఆ రెండోసారి కూడా అనుమానమే వచ్చింది. మొత్తానికి మా గిన్నె నిండా కూర పట్టుకెళ్లి, ఇంగ్లీషు అన్నది నోట్లోంచి రాకుండా పళ్లు బిగించి, "పిన్నీ, నేనే వండాను" అన్నాను. ఆవిడ గిన్నె అందుకుని లోపలికెళ్లిపోయింది.

సాయంత్రం గోడ దగ్గర్నుంచి కేక వినపడింది. అందరం పరిగెత్తాం. పిన్ని చేతిలో మా గిన్నె ఉంది. తళతళలాడుతోంది. లోపల ఏమీ లేదు. దాన్ని నా చేతిలో పెట్టి, "థాంక్యూ వెరీ మచ్ బాబూ" అంది.

అమ్మ మొహం పాలిపోయింది. అంతలో పిన్ని పెదవి వణికింది. ఇంక ఆపుకోలేక పొట్ట పట్టుకుని నవ్వేసింది.

"ఉప్పు బస్తా ఒంపీసినావేట్రా! మీ బాబాయి రెండు చెంబుల నీళ్లు తాగినాడు. ఇంకెప్పుడూ పంపకురా అని థాంక్యూ చెప్పినాను!"

వెనకాల బాబాయి ఆవకాయ జాడీ ఎత్తుకుని వస్తున్నాడు. అమ్మ కళ్లు తుడుచుకుంటూ, నవ్వుతూ రెండు చేతులూ చాచింది. నేను సంతోషం పట్టలేక "థా..." అని నోరు తెరిచాను. పిన్ని ఆ తెరిచిన నోట్లో ఆవకాయ ముక్క కుక్కేసింది.

ఆ రోజు నుంచి రెండిళ్లలోనూ థాంక్యూ అంటే "మహాతల్లీ, ఇది మళ్లీ వండకు" అని అర్థం స్థిరపడిపోయింది. ఉద్యోగం వచ్చింది, ఆఫీసులో థాంక్యూలు రోజంతా నిక్షేపంగా చెప్పుకుంటున్నాను. కానీ ఆ నడుమెత్తు గోడ సాక్షిగా, ఆ ఆవకాయ జాడీ మీద ఒట్టేసి చెబుతున్నాను: ఇంటి గడప లోపల ఈ జన్మలో మళ్లీ థాంక్యూ అనను. మా ఆవిడ వంట బాగున్న రోజు అనను. బాగాలేని రోజైతే, ప్రాణం పోయినా అనను.