పెట్టెలో దాచిన ఆర్డరు కాపీ

సకల లోకాలనూ సాకే అల్లాహ్‌కే స్తోత్రం. మనం నోటితో చెప్పుకున్నదీ, గుండెలో దాచుకున్నదీ ఆయనకు ఒక్కలాగే కనిపిస్తాయి. ఇక్కడ నేను రాయబోయేది నా గొప్ప కాదు, నా తప్పు. రాసే ధైర్యం కూడా ఆయన ఇచ్చిందే.

ఈ ఉదయం ఏలూరులో మా వీధి టీ కొట్టు దగ్గర పేపరు తిరగేస్తుంటే, కస్టమ్స్ చట్టాన్ని ఇంకా సులువు చేస్తారనీ, విదేశీ సరుకు విడిపించుకునే పద్ధతులు మళ్ళీ మారతాయనీ ఒక వార్త కనిపించింది. పక్కనున్నాయన ఆ పేజీ చింపి అందులోనే పునుగులు పెట్టుకున్నాడు. నేను మాత్రం సగం తాగిన టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాను. రెండు వీధుల అవతలే ఉండే మా తమ్ముడు గుర్తొచ్చాడు.

తాడేపల్లిగూడెంలో ఒక షావుకారు గారి దగ్గర నేను చాలా ఏళ్ళు పనిచేశాను. కొల్లేటి చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో నీళ్ళను చిలికి గాలి అందించే చక్రాల యంత్రాలుంటాయి. ఏరేటర్లంటారు. వాటి భాగాలు ఆయన విదేశాల నుంచి తెప్పించేవారు. ఓడ విశాఖలో ఆగిందంటే నా పని మొదలయ్యేది. ఫైలు చంకన పెట్టుకుని రైలెక్కేవాణ్ణి. కస్టమ్స్ ఆఫీసులో ఏ గదిలో ఎవరుంటారో, ఎవరికి భోజనానికి ముందు చిరాకో, ఎవరికి భోజనం తర్వాత దయో నాకు కంఠస్థం. ఒకసారి ఒక అధికారి, “ఈ చక్రాలు పడవలకే కదయ్యా, వేరే పన్ను పడుతుంది” అన్నారు. నేను చొక్కా చేతులు మడిచి, ఆయన బల్ల ముందు వంగి, రెండు చేతులూ గిరగిరా తిప్పి, నీళ్ళు ఎగిరే చప్పుడు నోటితో చేసి చూపించాను. పక్క గదుల వాళ్ళు కూడా వచ్చి చూశారు. ఆయన నవ్వుకుంటూనే, ఇవి చెరువు నీటికి గాలి అందించే యంత్ర భాగాలని ఆర్డరు రాసిచ్చారు. ఆ కాపీ ఏలూరులో మా ఇంట్లో ఇనప్పెట్టెలో పెట్టుకున్నాను. షావుకారు గారు ఆ కథ వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. అడిగితే చేతులు తిప్పి చూపించేవాణ్ణి కూడా.

తర్వాత సంస్కరణలొచ్చాయి. కాగితాలన్నీ కంప్యూటరులోనే పెట్టాలి. మన సరుకును మదింపు చేసే అధికారి ఏ ఊళ్ళో కూర్చున్నాడో మనకు తెలియదు, మన ముఖం ఆయనకు తెలియదు. నిజం చెప్పాలంటే అది న్యాయమే. ముఖం చూసి తూకం మార్చని తీర్పు కోసం రోజుకు ఐదు పూటలా వేడుకునేవాణ్ణి నేను. తీరా అలాంటిది ఒక ఆఫీసులోకి వచ్చేసరికి ఓర్చుకోలేకపోయాను. ఎందుకంటే ఆ కంప్యూటరు ముందు కూర్చున్నది మా తమ్ముడు. టైపు చేయడానికి వాణ్ణి ఆ కొట్లో పెట్టించింది నేనే. “ఇంక మీకు రైలు తిప్పలు తప్పాయండీ” అన్నారు షావుకారు గారు, మంచి మాట చెబుతున్నట్టు. అంతవరకూ ఫ్యాను కింద ఉన్న నా కుర్చీ తమ్ముడి బల్ల దగ్గరికి జరిగింది. నేను గోడౌనులో పెట్టెలు సరిచూసే పనిలో పడ్డాను.

ఆ వేసవిలో ఒక సరుకు ఆగింది. ఎక్కడి నుంచో స్క్రీను మీద ప్రశ్న వచ్చింది: ఇవి పడవను నడిపే చక్రాలా? తమ్ముడు ఫొటోలు పెట్టాడు, జవాబు రాశాడు. చాలలేదని తిరిగొచ్చింది. మళ్ళీ రాశాడు. నేను తలుపు దగ్గర నిలబడి అంతా వింటున్నాను. ఇంట్లో పెట్టె తాళం తీస్తే సరిపోయేది. తీయలేదు. చేతులు తిప్పి చూపించడానికి కంప్యూటరుకు కళ్ళెక్కడున్నాయని లోపల నవ్వుకున్నాను. ఆ నవ్వు తీయగా ఉంది. దాచను.

నాలుగో రోజు గుండుగొలను దగ్గర చెరువు చేసుకునే ఒక రైతు వచ్చాడు. నేరుగా నా దగ్గరికే వచ్చాడు. “ఏవండీ, పాత చక్రాలు రెండూ ఆగిపోయాయండీ. రొయ్య ఊపిరాడక గట్టు వెంబడి తేలిపోతోంది. మీరు వైజాగ్ వెళ్ళే రోజుల్లో ఇలా ఉండేదాండీ?” అన్నాడు. నాలుగు రోజులుగా నేను ఎదురుచూస్తున్న మాట అదే. అది విని నా ఛాతీ పొంగింది. ఆయన కళ్ళెర్రబడి ఉన్నాయి.

అది శుక్రవారం. మసీదులో నుదురు నేలకానించాను. నాకు కనిపించింది గట్టు వెంబడి తేలే రొయ్యలే. నమాజు అవగానే ఏలూరు బస్సెక్కి, పెట్టె తెరిచి, కాపీ తెచ్చి తమ్ముడి బల్ల మీద పెట్టాను.

“ఇది మీ దగ్గరుందా అన్నా?” అన్నాడు వాడు.

“వెతికితే దొరికింది” అన్నాను. అబద్ధం.

మర్నాడు సరుకు విడుదలైంది. ఏరేటర్లు చేరేసరికి రైతుకున్న రెండు చెరువుల్లో ఒకటి పోయింది. రెండోది నిలిచింది. ఆయన నాకు దణ్ణం పెట్టాడు. తమ్ముడు కొట్లో అందరి ముందూ, “మా అన్న లేకపోతే ఈ సరుకు వచ్చేది కాదండీ” అన్నాడు. వాడు తిట్టినా అంత మంట పుట్టేది కాదు.

ఇప్పుడు ఆ రైతు లేడు. ఆయనను క్షమాపణ అడిగే అవకాశం నాకు లేదు. తమ్ముడున్నాడు, వాడి గడ్డం కూడా తెల్లబడింది. ప్రతి శుక్రవారం పక్కపక్కనే భుజాలు తగిలేలా నిలబడతాం, బయటికొచ్చాక ఒకరి ఆరోగ్యం ఒకరు అడిగి విడిపోతాం. చదివే మీరంతా నాతో కలిసి చేతులెత్తండి: ఓ ప్రభూ, మా ఇద్దరిలో ఒకరు మాత్రమే మిగిలే రోజుకు ముందే, ఆ నాలుగు రోజుల సంగతి వాడితో చెప్పే నోరు నాకు ఇవ్వు. ఏళ్ళు గడిస్తే తప్పు పాతబడుతుందనుకున్నాను, పాతబడింది మేమే. ఆమీన్.