నలుగురి వెనక రాయమల్లు మామ

పొద్దున్నే పాలచెంబు పట్టుకుని బయలుదేరిన మా రాయమల్లు మామ, దారిలో ఎక్కడ నలుగురు వరసగా కనిపించినా ఐదోవాడిగా నిలబడేవాడు. అది దేని వరస అని అడగడం ఆయన దృష్టిలో మర్యాద కాదు. పాలు ఇంటికి చేరేసరికి లస్మవ్వ అత్త నల్ల చాయ తాగేసి ఉండేది.

"ఎందుకు నిలబడ్డవయ్యా?" అంటే, "గంతమంది పిచ్చోళ్లా?" అనేవాడు.

నయాపైసలు కొత్తగా వచ్చిన రోజులవి. నిర్మల్‌లో మామ నిలబడని వరస లేదు. మశూచి టీకాల వాళ్లొస్తే రెండు వాడల్లో నిలబడి రెండు చేతులకూ వేయించుకున్నాడు. మిషన్ దవాఖానలో పాలపిండి పంచుతుంటే అక్కడా నిలబడ్డాడు. నర్సు ఆనందమ్మ తలెత్తి చూసింది.

"ఎవరికి రాయమల్లన్నా?"

"అందరికిచ్చేదే నాకియ్యి సిస్టర్."

"అందరు బాలింతలే గదనే అన్నా."

"గట్లనా? ఇప్పుడు నేను పక్కకు వోతే లైను ఖరాబైతది గద."

ఆమె నవ్వాపుకోలేక ఓ డబ్బా ఇచ్చింది. దాంతో మామ వాడకంతా చాయ పోశాడు.

వ్యాపారమూ అంతే. ఆయనది మిరపకాయల కొట్టు. బజార్లో అందరూ కొంటుంటే కొనేవాడు, అందరూ అమ్ముతుంటే అమ్మేవాడు. గుంపు ఎగబడిందని తెలిసేది ధర పెరిగాక. గుంపు పారిపోతోందని తెలిసేది ధర పడ్డాక. ఎమ్మే చదువుతూ సెలవులకు వచ్చినప్పుడు నేను ఈ సంగతి మెల్లగా చెప్పబోయాను.

"బిడ్డా, ఒక్కన్ని మునిగితే నవ్వుతరు. అందరితోటి మునిగితే ముచ్చట వెట్టతందుకు పక్కన మంది ఉంటరు" అన్నాడు.

ఆ ఏడే కిష్టవ్వ బస్‌స్టాండు ఎదురుగా గారెల పొయ్యి పెట్టింది. భర్త పోయాడు, ఇద్దరు ఆడపిల్లలు. పక్కనున్న పాత గారెల కొట్టు ముందు ఎప్పుడూ జనమే. ఈమె దగ్గరికి ఎవరూ రారు. గారెలు బాగాలేక కాదు. ఎవరూ తినని చోట మొదట తినాలంటే అందరికీ అనుమానం.

"గీ వారం అంగడి దాక చూస్త వదినా. అమ్ముడువోకుంటె పొయ్యి తీసేసి, పిల్లల్ని పట్టుకొని నాందేడుకు కూలికి పోత" అని అత్తతో చెబుతుంటే నేను విన్నాను. మామా విన్నాడు.

అంగడి రోజు మామ నన్ను వెంటబెట్టుకుని వెళ్లి, కిష్టవ్వ పొయ్యి ముందు నిలబడ్డాడు. ఆయన ముందు మనిషి లేకుండా నిలబడటం నేనెన్నడూ చూడలేదు.

"జర నా ఎనుక నిలబడు బిడ్డా."

"నాకు సిగ్గయితది మామా."

"చేతిలున్న పుస్తకం అడ్డం వెట్టుకో. ఒక్కడుంటె ఆకలంటరు. ఇద్దరుంటె లైనంటరు."

పుస్తకం అడ్డం పెట్టుకున్నాను. తలకిందులుగా ఉందని మామే సరిచేశాడు.

ఆదిలాబాద్ బస్సు దిగిన మా వాడ హనుమండ్లు ఆగాడు. "రాయమల్లూ, ఏమిస్తున్నరు?"

"నాకెరుక లేదు. నిలబడ్డ."

రాయమల్లు నిలబడ్డాడంటే ఏదో ఇస్తున్నట్టే అని ఊరి నమ్మకం. హనుమండ్లు నిలబడ్డాడు. అతని వెనక సగం బస్సు నిలబడింది. మామ గారెలు తిని, మూతి తుడుచుకుని, మళ్లీ చివరికి వెళ్లి నిలబడేవాడు. మధ్యాహ్నానికి పాత కొట్టు యజమాని కూడా వరసలో కనిపించాడు. కిష్టవ్వ పిండి అయిపోయింది.

తిరిగి వస్తూ అడిగాను. "మందిని చూసి మంది వస్తరని నీకెట్ల ఎరుక మామా?"

"నేను వస్త గద బిడ్డా. నా అసొంటోళ్లు ఊర్ల ఎంతమంది లేరు."

కిష్టవ్వ నాందేడు పోలేదు.

మామ ఇప్పుడు మిరపకాయల కొట్టు అల్లుడికి అప్పజెప్పాడు. డాక్టరు నూనె వంటలు మాన్పించాడు, కిష్టవ్వ గారెలతో సహా. పొద్దున జొన్న అంబలి తాగుతున్నాడు.