పురుటికి ముందు నూతినీళ్ల పరీక్ష

పొలంలో కొట్టిన పురుగుమందు మనిషి ఒంట్లోకి, మట్టిలోకి, నీటిలోకి ఎంత చేరుతుందో కంప్యూటర్‌లో అంచనా కట్టడం నా ఉద్యోగం. ఆ లెక్క ఒకనాడు నా సొంత అక్క ఇంటి నూతి దాకా వస్తుందని అనుకోలేదు.

అచ్యుతాపురం దగ్గర అక్కావాళ్లకు చిన్న వంగతోట ఉంది. బావ ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వచ్చి మందు కొడతాడు. కొట్టాక ట్యాంకును నూతి చప్టా మీదే కడుగుతాడు; నీళ్లు చేతికందేచోట కడగడం ఆ ఊళ్లో అందరి పద్ధతి. ఇంటిల్లిపాదీ తాగేదీ ఆ నీళ్లే. మేనకోడలు తొలికాన్పుకు పుట్టింటికి రావలసిన నెల అది. కడిగిన నీటిని కూడా లెక్కలో చేర్చి చూస్తే, నూతిలో మందు హద్దు దాటుతుందని వచ్చింది. పరీక్ష చేయించేదాకా పిల్లను తీసుకురావద్దన్నాను.

అక్క మండిపడింది. "ఏటి తమ్ముడా, నీ కంప్యూటర్ సెప్తే నా కూతురు పురుటికి అత్తోరింట్లో ఉండిపోవాలేటి? ఇన్నేళ్లుగా తాగుతన్నాం, సచ్చిపోనామా?"

"బతికి ఉండటం పరీక్ష కాదక్కా."

"ఆడితో వాదించకే," అన్నాడు బావ. "నాను సస్తే గానీ ఆడి లెక్క సరిపోదు."

బావ మందు కొట్టి ట్యాంకు కడిగాక, ఒక వాన కూడా పడనిచ్చి, మూడు సీసాల్లో నూతినీళ్లు పట్టాను. మూడో సీసాలో మాత్రం అదే మందును, నాకు తెలిసిన మోతాదులో, చాలా కొద్దిగా కలిపాను. ఆ సంగతి పరీక్షశాలకు చెప్పకుండా, ఏ నూతివో రాయకుండా సీసాలకు వట్టి నంబర్లే వేసి పంపాను. 'ఏమీ లేదు' అని జవాబు వస్తే, నీళ్లే శుభ్రంగా ఉన్నాయో, వాళ్ల యంత్రానికే కనబడలేదో నాకు తెలియాలి.

చివరికి పరీక్షశాల నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. "రెండిట్లో ఏమీ లేదు సార్. మూడోదాంట్లో మాత్రం మందుంది. ఆ నుయ్యి ఎవరిదోగానీ, తాగొద్దని చెప్పండి." ఆమె చెప్పిన మోతాదు నేను కలిపినదానికి దాదాపు సమానం. విషయం చెప్పి క్షమాపణ అడుగుతుంటే నాకు నవ్వు ఆగలేదు.

ఆ తర్వాత తోటలో మట్టి తవ్వి చూశాను. సముద్రం దగ్గరే కదా అని లెక్కలో ఇసుకనేలగా తీసుకున్నాను, అక్కడున్నది మందును అంత తొందరగా కిందికి దిగనివ్వని బంకమన్ను. అంచనా తప్పడానికి కారణం బహుశా అదే.

"ఈ ఫలితం ఈ ఒక్క మందుకే అక్కా. వానాకాలం పోయాక మళ్లీ చూడాలి. ట్యాంకు మాత్రం ఇకమీదట తోటలోనే కడగాలి."

"కడుగుతాడు. లేపోతే ట్యాంకుతోపాటు ఆయన్నీ తోటలోనే పడుకోబెడతాను. నువ్వు ముందు కారు తియ్యి."

సీతమ్మధారలో మేనకోడలు బ్యాగు సర్దుకుని అత్తవారి గుమ్మంలోనే కూర్చుని ఉంది.

"మావయ్యా, ఇంకేటైనా పరీక్ష మిగిలుందా?"

"లేదమ్మా. మెల్లగా ఎక్కు."