గంజితో అంటించిన అంచులు

మా ఆయన మగ్గం నేసేవాడు. కర్నూలులో మూతపడిన ఆటల దుకాణం నుంచి ఇనుప గోళీని కొడుతూ ఆడే పాత పిన్‌బాల్ మెషీన్ ఒకటి ఇంటికి తెచ్చి, దాని పక్కలకు తాను నేసిన చీరల అంచులు అంటించాడు. నిజానికి ఆ సోకు నాకెన్నడూ నచ్చలేదు. అంటించింది కూడా గంజితోనే. నూలుకు పెట్టే గంజి తప్ప వేరే జిగురును ఆయన నమ్మలేదు. వానాకాలంలో పురుగులు గంజిని తినేవి, అంచులు ఊడేవి. విసుక్కుంటూ మళ్ళీ అంటించేవాడు.

ఆయన పోయాక వచ్చిన మొదటి వానలకే ఒక పక్క అంచు ఊడి వేలాడింది. బేతంచెర్లలో బండలు పాలిష్ పట్టే మా మరిది గమ్ము డబ్బాతో వచ్చాడు.

"ఇది పూస్తే పీకినా రాదు వదినా. అన్న మొండోడు, చెప్తే ఇన్న్యాడా? ఏటేటా నీకెందుకీ యాతన?"

"ఈడ పెట్టిపో అప్పా, నేను చూసుకుంటా," అన్నాను.

అతడు వెళ్ళాక డబ్బాను అటక మీద పెట్టి గంజి కాచాను. చేయి నొప్పి పుట్టేదాకా అంచును అదిమి పట్టుకున్నాను. ఓపిక లేదు. అయినా గమ్ము పూస్తే, ఆయన వస్తువులకు నేను చేయవలసిన పని ఇక ఏదీ మిగలదు.