పరీక్ష రోజు రాసిన కాగితం

మాఘమాసంలో ఒక ఆదివారం, పొద్దున తొమ్మిదీ నలభైకి మొదలైంది ఇది. పంచాయతీ ఆఫీసులో గోడ గడియారానికి ఎదురుగా కూర్చున్నాను కాబట్టి టైము మర్చిపోలేను.

నేను యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. పొదుపు సంఘం పుస్తకంలో వేలిముద్ర వెయ్యడం సిగ్గనిపించి నేర్చుకున్నాను. అప్పటి నుంచి మా ఊళ్లో ఏ తగవు తెగినా కాగితం నా చేతే రాయిస్తారు. మా వీధిలో ఒక మొగుడూ పెళ్లాం విడిపోయినప్పుడు ఆ కాగితం రాసిందీ నేనే. పిల్ల తల్లి దగ్గర ఉండాలి, సెలవులకు తండ్రి దగ్గరికి పోవాలి, తండ్రి నెలకు రెండు వేలు ఇవ్వాలి అని.

ఈ ఏడు తల్లి మిర్చి ఏరడానికి బోనకల్ వైపు పోయింది. అక్కడ చేలల్లోనే గుడిసెలు వేసుకుని ఉంటారు. వెంట తీసుకుపోతే బడి పోతుందని పిల్లను రెండు నెలలకు తండ్రింట్లో దింపింది. దింపిన నెలే వాడు పైసలు ఆపేశాడు.

ఆ ఆదివారం పిల్లకు గురుకులంలో సీటు కోసం పరీక్ష. పదకొండుకు గేటు మూస్తారు. సెంటరు ముప్పావు గంట దారి. తల్లి ముందు రోజే వచ్చి ఆటో మాట్లాడింది. హాల్ టికెట్ మాత్రం తండ్రి చొక్కా జేబులో ఉంది. పిల్ల ఎవరి దగ్గర ఉండాలో పదిమందిలో తేలితేనే ఇస్తానని అందరినీ ఆఫీసుకు రమ్మన్నాడు.

"టికెట్ ఇయ్యి, పొద్దెక్కుతాంది," అన్నది తల్లి.

"ఇస్త. పిల్ల ఇగ నా దగ్గర్నే ఉంటది, నెల పైసలు అడగను అని కాగితం మీద వేలెయ్యి. అప్పుడిస్త."

"రెండు నెలలకని దింపిన. ఉగాదికి తోల్కపోత."

వాడి తల్లి అందుకుంది. "ఇన్నొద్దులు మేం బువ్వ పెట్టింది ఉత్తగనేనా?"

"నీ మనుమరాలికే పెట్టినవ్ అత్తా. ఊరోళ్లకు పెట్టలే."

వార్డు మెంబరు పళ్లికిలించాడు. "గిట్ల ఎంతసేపు? అవ్వా, నువ్వు రాయి. రాస్తే వొడుస్తది."

వాడి జేబులో చెయ్యి పెట్టి ఆ టికెట్ లాక్కోవలసింది. నేనేం చేశాను? కళ్లద్దాలు తుడుచుకుని, తెల్ల కాగితం తెమ్మన్నాను. నన్ను రాయమన్నారంటే నాకు పొంగు.

నేను ఒక్కో అక్షరం దిద్దినట్టు రాస్తాను. వత్తు దగ్గర చెయ్యి ఆగిపోతుంది. వాడు చెప్తున్నాడు, నేను రాస్తున్నాను. "ఎల్లకాలం" అని వాడు, "ఉగాది దాకా" అని ఆమె. రెండుసార్లు కొట్టేశాను. కొట్టివేతలుంటే చెల్లదన్నాడు మెంబరు. మళ్లీ కొత్త కాగితం, మళ్లీ మొదటి నుంచి.

"పెద్దమ్మా, పదింబావు అయింది," అని బయట నుంచి కేకేశాడు ఆటో అతను.

పిల్ల అట్ట, పెన్ను పట్టుకుని నా పక్కన నిలబడింది. తొమ్మిదేళ్లు. నూనె పెట్టి గట్టిగా రెండు జడలు వేసుకుంది.

"అవ్వా, జల్దీ రాయవా?"

"తొందర పెట్టకు, తప్పులు పోతయ్," అని కసిరాను. ఆ మాట గుర్తొస్తే నా నోటి మీద నాకే ఉమ్మెయ్యాలనిపిస్తుంది.

పదీ ఇరవై ఎనిమిదికి తల్లి "ఎల్లకాలం" కిందనే వేలు వేసింది. మిర్చి మంటకు పొక్కిన వేలు, ముద్ర సరిగ్గా పడలేదు. ఇంకోసారి వెయ్యమన్నాడు వాడు. వేసింది. అప్పుడు తీసిచ్చాడు, చెమటకు తడిసిన టికెట్.

నేనూ ఆటో ఎక్కాను. మేం చేరేసరికి పదకొండు దాటి పదిహేను నిమిషాలు. తల్లి గేటు ఊచలు పట్టుకుని మొక్కింది. రూలమ్మా, నా చేతిలో లేదన్నాడు కాపలా మనిషి. పిల్ల ఏడవలేదు. పెన్నుకు మూత పెట్టి లోపలికి చూస్తూ నిలబడింది.

తిరిగొచ్చి చెప్తే తండ్రి, "పోతే పోయింది. ఈడి బళ్లె చదువుతది," అన్నాడు. కాగితం మడిచి, పొద్దున టికెట్ పెట్టుకున్న జేబులోనే పెట్టుకున్నాడు.

తల్లి నా వైపు తిరిగింది. "రాత మస్తుగున్నదవ్వా. ఒక్క కొట్టివేత లేదు."

ఆ పొద్దు ఆఫీసులో ఉన్నవాళ్లం వీళ్లం: బిడ్డ చదువును జేబులో పెట్టుకుని బేరమాడిన తండ్రి, బువ్వ లెక్క తీసిన నాయనమ్మ, కొట్టివేతలు చూసిన వార్డు మెంబరు, గడప బయట నుంచి టైము చెప్పిన ఒక్క ఆటో అతను, వేలు వేసిన తల్లి, అట్ట పట్టుకుని నిలబడ్డ పిల్ల, రాస్తూ కూర్చున్న నేను.