నవల సర్దే యాప్‌లూ, అత్తగారూ

కోడలు పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షనిస్టు. లోపల డ్రిల్లు చప్పుడుకి పేషెంట్లు గజగజలాడుతుంటే, ఆవిడ కౌంటరు వెనక కూచుని ఫోన్లో నవల రాసుకునేది. అదేం చిన్నాచితకా వ్యవహారం కాదు, మూడు తరాల కథ! రాసిన ప్రతి అధ్యాయాన్నీ మర్నాడు పొద్దున్నే వంటింట్లో అత్తగారికి చదివి వినిపించేది. మామూలుగా ఆ ఇద్దరూ ఉప్పూ నిప్పూ. కానీ ఆ కాసేపు మాత్రం "తర్వాతేమైందే?" అని అత్తగారు, "రేపు చెప్తాగా" అని కోడలు. వాళ్లిద్దరూ కసురుకోకుండా మాట్లాడుకునేది ఆ ఒక్క పూటే.

ఇంతలో అధ్యాయాలు పేరుకుపోయి ఏది ఎక్కడుందో తెలియకుండా పోయింది. పెద్ద నవలని సర్దుకోవడానికి ఏదైనా సాఫ్ట్‌వేర్ ఉంటే బాగుండునని వెతకడం మొదలుపెట్టింది. ఇక చూడండి తంటా! ఒకదాంట్లో కార్డులు, ఇంకోదాంట్లో ఫోల్డర్లు. మూడోదైతే పాత్రల జాతకాలన్నీ నింపితే గానీ కదలనని భీష్మించుకు కూచుంది. నవల్లోని గుమాస్తా జాతకం టకటకా నింపింది. ఇంటి ఓనరమ్మ దగ్గరికొచ్చేసరికి, "చివరికి ఏమవుతుంది?" అన్న గడి ముందు వేళ్లు కదల్లేదు. "ఛ, ఇది బాగాలేదు" అని నాలుగోది దించుకుంది. అక్కడా అదే గడి. తల ప్రాణం తోకకొచ్చింది.

నెలలు గడిచాయి, కొత్తగా అక్షరం ముక్క రాయలేదు. వంటింట్లో మళ్లీ గిన్నెల చప్పుడే తప్ప మాటల్లేవు. కోడలికి అది బాధగానే ఉంది. కానీ సర్దడం పూర్తికాకుండా చదవడమెలా?

చివరికి ఓ ఆదివారం "సర్దేశా, రండత్తయ్యా" అంది. అత్తగారు బీన్స్ తుంపుతూనే స్టూలు లాక్కుని కూచుంది. కాసేపటికే మొహం చిట్లించింది.

"ఆగాగు. ఆ గుమాస్తా ఇందాకే చచ్చాడు కదే?"

"అవును."

"మరి పెళ్లికి చొక్కాలు కొనుక్కుంటున్నాడేంటి?"

కోడలు కంగారుగా ఫోను చూసింది. కొంప మునిగింది! మాయదారి సాఫ్ట్‌వేర్ అధ్యాయాల్ని శీర్షికల అక్షరక్రమంలో పేర్చేసింది. 'గుమాస్తా చావు' ముందు, 'గుమాస్తా పెళ్లి' తర్వాత. నవ్వాలో ఏడవాలో తెలియక పైకీ కిందకీ జరుపుతూ కూచుంది.

"వాడు ఏ గంగలో దూకితే నాకేంటి గానీ, ఆ ఇంటి ఓనరమ్మ సంగతి చెప్పు" అంది అత్తగారు.

"ఆవిడ సంగతేముంది?"

"అదే, ఉప్పెక్కువైందని కంచం తోసేసేది. అద్దెకున్న పిల్ల ఉద్యోగానికి బయల్దేరితే గుమ్మంలో నిలబడి సాధించేది."

కోడలు ఫోను బోర్లా పెట్టేసింది.

"అది నేనేనని మొదటి రోజే తెలిసింది. నేనేమైనా మొద్దునా? దాన్ని చివరికి ఏం చేస్తావో విందామనే ఇన్నాళ్లూ కూచున్నా. సరిగ్గా ఆవిడ జబ్బున పడ్డ చోట ఆపేశావు. ఏం, చంపేశావా?"

చంపేద్దామనే మొదలుపెట్టింది కోడలు, అదీ కసిదీరా. కానీ రోజూ ఎదురుగా కూచుని "తర్వాతేమైందే?" అని ఆశగా అడిగే మనిషిని చూస్తూ చూస్తూ చంపడానికి చెయ్యి రాలేదు. పోనీ మంచిదాన్ని చేద్దామంటే మనసొప్పలేదు.

"నాకే తెలీట్లేదత్తయ్యా" అంది.

అత్తగారు తలెత్తకుండా బీన్స్ తుంపుతోంది.

"ఉంచుతావో చంపుతావో తొందరగా తేల్చవే. పొద్దున్నే వంటింట్లోకి రావాలంటే భయంగా ఉంటోంది."