మంచు మీద వదిన పెట్టిన దణ్ణం

మొన్నొక ఆదివారం మా మేనల్లుడి కూతురు నన్ను నోయిడాలో ఒక మాల్‌కి లాక్కుపోయింది. బయట మే నెల ఎండ కాల్చేస్తుంటే, పై అంతస్తులో ఒక పెద్ద హాలంతా గడ్డకట్టించి, పైనుంచి మంచు రాల్పించి, అందులో పిల్లల్ని జారిస్తున్నారు. టిక్కెట్టు కొన్నవాళ్ళ చెప్పులు తీసుకుని బరువైన బూట్లు చేతికిస్తారు. నేను వంగి నా చెప్పులు రెండూ పక్కపక్కన సర్దబోతుంటే కౌంటర్ దగ్గరి కుర్రవాడు, "ఆంటీజీ, ఛోడ్ దీజియే, మై రఖ్ దూంగా" అన్నాడు, వదిలెయ్యండి నేను పెడతానని. అంతే, నా చెయ్యి అక్కడే ఆగిపోయింది. చెప్పులు సర్దడానికి భయపడే మనిషి ఎక్కడైనా ఉంటుందా అని మీరనుకోవచ్చు. ఉంటుంది. "ఢిల్లీ నానమ్మా, డర్ లగ్ రహా హై?" అని అడిగింది మనవరాలు. దానికి తెలుగు అర్థమవుతుంది గానీ నోట్లోంచి రాదు. భయం కాదమ్మా, మీ నాన్న కాలు గుర్తొచ్చింది అన్నాను. అది పకపకా నవ్వేసి, బూట్లు తొడుక్కుని లోపలికి పరిగెత్తింది. వాళ్ళింట్లో ఆ కాలు సంగతి హాస్యకథ కింద చెలామణీ అవుతుంది. నాకు మాత్రం ఇప్పటికీ తల్చుకుంటే ఒళ్ళు ఝల్లుమంటుంది.

అప్పట్లో మేం ఆర్.కె.పురం ప్రభుత్వ క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. మావారు ఒక మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరు. ఇంట్లో కందిపప్పు అయిపోయిందని చెప్పినా "నోట్ పెట్టు, చూద్దాం" అనే రకం. ఆయన అక్కగారు, అంటే మా వదిన, ఆ ఏడు చలికాలం చివర్లో కాకినాడ నుంచి వచ్చి మా ఇంట్లో దిగింది. వాళ్ళబ్బాయి సివిల్స్ రాతపరీక్ష గట్టెక్కి ఇంటర్వ్యూకి పిలుపు అందుకున్నాడు. అంతకుముందు తప్పిన సార్లన్నీ అయిపోగా, నిబంధనల ప్రకారం వాడికి అదే ఆఖరి అవకాశం. బేర్ సరాయ్‌లో ఒక ఇరుకు గదిలో ఉండి, మెస్ తిండి తిని పిల్లాడు పుల్లలా అయిపోయాడని, ఇంటర్వ్యూ అయ్యేదాకా తన చేతి వంటే తినాలని ఆవిడ పంతం. వాళ్ళాయన్ని, అంటే మా అన్నయ్యగారిని, హోటలు భోజనానికి అప్పజెప్పి మరీ వచ్చేసింది. రోజూ పొద్దున్నే క్యారియర్ సర్ది, మావారి స్కూటర్‌కి తగిలించి పంపేది. మావారు ఆఫీసు ఆలస్యమైనా అక్క మాట జవదాటేవారు కాదు.

వదినంత నిజాయితీ గల మనిషిని నేను చూడలేదు. ఫోన్లో ఎవరైనా విసిగిస్తున్నా, ఇంట్లో ఉన్న మనిషిని లేడని చెప్పడానికి నోరు రాదు ఆవిడకి. మా పక్కింటి పంజాబీ ఆవిడ కొత్త సల్వార్ వేసుకొచ్చి ఎలా ఉందని అడిగితే, ఉన్నదున్నట్టు చెప్పేసి ఆ పంజాబీ ఆవిడకీ నాకూ నెలరోజులు మాటల్లేకుండా చేసింది. భక్తి కూడా అంతే నిక్కచ్చి. ఢిల్లీలో గోడల పక్కన మగవాళ్ళు చెయ్యకూడని పని చెయ్యకుండా దేవుళ్ళ బొమ్మలున్న పలకలు అతికిస్తారు కదా, ఆవిడ మునిర్కా రోడ్డు మీద నడుస్తూ ఆ పలక పలకకీ ఆగి, చెప్పులు విడిచి దణ్ణం పెట్టేది. అది ఎందుకు అతికించారో చెప్పినా, "దేవుడు దేవుడే గదే" అని ఊరుకునేది. కిలోమీటరు దూరానికి మాకు పూట పట్టేది. ఇవన్నీ కొడుకు కోసమే అని నాకు తెలుసు కాబట్టి నేనూ నోరు మూసుకుని పక్కన నిలబడేదాన్ని.

ఇంతకీ మంచు కొండకీ మాకూ ఏమిటి సంబంధం అంటే, అదంతా మావాడి, అదే మా మేనల్లుడి, అతితెలివి. దరఖాస్తులో హాబీ అని ఒక గడి ఉంటుంది. అందరూ పుస్తకాలు చదవడం, పాటలు వినడం అని రాస్తారు, వింటూ వింటూ బోర్డువాళ్ళకి విసుగెత్తిపోయి ఉంటుంది, నువ్వు ఎవరూ రాయనిది రాయి అని పక్క గది కుర్రాడు సలహా ఇచ్చాడట. మావాడు స్కీయింగ్ అని రాసేశాడు, కాళ్ళకి పొడుగాటి పలకలు కట్టుకుని మంచు మీద జారే ఆట. కాకినాడలో పుట్టి పెరిగిన పిల్లాడు, ఫ్రిజ్ పైఅరలో తప్ప మంచు ఎరగడు. ముఖర్జీ నగర్ కోచింగ్‌లో ఉత్తుత్తి ఇంటర్వ్యూ పెట్టి, గట్టి మంచు మీద మలుపు తిరిగేటప్పుడు బరువు ఏ కాలి మీద వెయ్యాలి అని అడిగారు. "రెండు కాళ్ళ మీదా సార్" అన్నాడు వీడు. గదంతా నవ్వారట. ఆ రోజు మా ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. రాసి పంపింది మార్చడానికి వీల్లేదు. మావారు బాగా ఆలోచించి, "సొల్యూషన్ ఒకటే. వెళ్ళి నేర్చుకోవడం" అని తేల్చారు. హోలీ వెళ్ళిన వారం నలుగురం మనాలి బస్సెక్కాం. కొడుకుని కొండ మీదికి ఒంటరిగా పంపడం వదినకి ఇష్టం లేదు. వదినని ఒంటరిగా వదలడం నాకు ఇష్టం లేదు.

మనాలి నుంచి పైకి వెళ్ళే దారి పొడుగునా కోట్లు, బూట్లు అద్దెకిచ్చే దుకాణాలే. అక్కడ ఆడా మగా తేడా లేకుండా మెడ నుంచి మడమ దాకా ఒకటే గొట్టం లాంటి సూటు ఇస్తారు. చీర విప్పనని వదిన భీష్మించుకుంది. కుచ్చిళ్ళతో సహా ఆవిడని ఆ సూటులో కూరడానికి నాకూ దుకాణం పిల్లకీ చెమటలు పట్టాయి. పైన మంకీ క్యాప్, ఆ క్యాప్ మీద కుంకుమ బొట్టు. లోయలో పళ్ళచెట్లు పూతకొచ్చాయి, పైన కొండ మాత్రం ఇంకా తెల్లగా ఉంది. వసంతంలో మంచుకి రెండు స్వభావాలట. రాత్రి గడ్డకట్టి పొద్దున్న గచ్చులా గట్టిగా ఉంటుంది, మధ్యాహ్నానికి కరిగి పెరుగన్నంలా అవుతుంది. నేర్పించే పహాడీ అబ్బాయి ఈ సంగతి చెప్పి, "సుబహ్ తేజ్ భాగ్‌తీ హై, ఆంటీజీ, సంభల్ కే" అన్నాడు. పొద్దున పూట మంచు పరిగెత్తిస్తుంది, జాగ్రత్త అని.

ఆ పొద్దున్న ఒకటి రెండు గంటలు నవ్వినంతగా నేను జన్మలో నవ్వలేదు. మావారు కాళ్ళకి ఆ స్కీ పలకలు కట్టుకుని నిలబడిన చోటే కూలబడి, లేచి, మళ్ళీ కూలబడి, చివరికి ఫొటోలు తీసే బాధ్యత తనదని ప్రకటించి కిందికి వెళ్ళిపోయారు. మావాడు పర్వాలేదు. పదిసార్లు పడ్డా, పదకొండోసారి కొంచెం దూరం జారి, ఆగి, "అత్తా, కింది కాలి మీద వెయ్యాలట బరువు" అని అరిచాడు. వాడి మొహంలో వెలుగు చూసి వదిన కళ్ళు తుడుచుకుంది. తనకీ పలకలు కట్టమంది. వాడు పడితే పట్టుకోవడానికట. ఆ పహాడీ అబ్బాయి నవ్వుకుంటూ ఆవిడ రెండు చేతులూ పట్టుకుని మెల్లగా వాలు సగం దాకా ఎక్కించాడు. వెనకాల నేను.

అక్కడ ఒక రాయి ఉంది. ఎర్ర గుడ్డలు, రెండు చిన్న గంటలు, ఎవరో వేసిన పూలు. అమ్మవారు. వదిన ఆగిపోయింది. "బాబూ, జూతే ఖోలో" అంది, తనకొచ్చిన నాలుగు హిందీ ముక్కల్లో. ఆ అబ్బాయికి అలవాటే కాబోలు, పలకలు ఊడదీసి, వాటిని వాలుకి అడ్డంగా మంచులో గుచ్చినట్టు పెట్టి, బూట్లు విప్పి, నా బూటు పట్టీ వదులైందని నా దగ్గరికి వచ్చి వంగాడు. వదిన మేజోళ్ళతో అమ్మవారి ముందుకి రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి చూసింది. దేవత ఎదట చెప్పులు అలా అడ్డదిడ్డంగా పడి ఉండడం ఆవిడ కంటికి నచ్చలేదు. వంగి, రెండు పలకలూ మంచులోంచి తీసి, మొనలు అమ్మవారి వైపు లేకుండా అటువైపు తిప్పి, గుమ్మం దగ్గర సర్దినట్టు పక్కపక్కన పొందిగ్గా పెట్టింది. అటువైపు అంటే కింది వైపు. నేను చూస్తూనే ఉన్నాను, నాకూ అది పద్ధతిగానే కనిపించింది. ఆవిడ కళ్ళు మూసుకుని చేతులు జోడించింది.

ఒక పలక నిలిచింది. రెండోది కదిలింది. అద్దెకిచ్చిన పాత సరుకు, ఆగడానికి ఉండాల్సిన కొక్కెం ఎప్పుడో విరిగినట్టుంది. మొదట మెల్లగా, ఎవరో తాడు కట్టి లాగుతున్నట్టు వెళ్ళింది. చప్పుడు లేదు. తరవాత చూస్తుండగానే బాణం. ఆ అబ్బాయి తలెత్తి "హటో, హటో" అని కేక పెట్టాడు. కింద జనం చెల్లాచెదురయ్యారు. మావాడు మాత్రం పలకలు విప్పేసి, మాకు వీపు పెట్టి మావారి కెమెరాలోంచి లోయని చూస్తున్నాడు. కేక విని, తప్పుకోవాల్సింది పోయి, ఇటు తిరిగాడు. అంత దూరం నుంచి కూడా ఆ దెబ్బ నాకు వినిపించింది. వాడు మోకాళ్ళ మీద కాదు, నరికిన చెట్టులా పక్కకి పడ్డాడు. నా పక్కనుంచి వదిన కిందికి పరిగెత్తింది. మేజోళ్ళతో, ఆ గొట్టం సూటుతో, పడుతూ, దొర్లుతూ, లేచి మళ్ళీ పరిగెడుతూ. నేను కూచుని జారాను, అంతకన్నా నాకు చేతకాలేదు.

మేమిద్దరం వెళ్ళేసరికి వాడు కళ్ళు మూసుకుని వెల్లకిలా పడి ఉన్నాడు. మావారు పక్కన కూర్చుని కాలు పట్టుకుని ఉన్నారు.

"మావయ్యా, విరిగిందా?" అన్నాడు వాడు కళ్ళు తెరవకుండానే.

"విరిగినట్టే ఉందిరా."

"అమ్మయ్య."

బాధకి ఏదో అంటున్నాడనుకున్నాను. కానీ వాడి మొహంలో బాధతో పాటు ఇంకోటి ఉంది. నవ్వు. చిన్నప్పుడు వాన వల్ల బడి మూసేశారని తెలిసినప్పుడు పిల్లలకి వచ్చే నవ్వు. "ఇంక వెళ్ళక్కర్లేదు గదా" అన్నాడు. "ఎవరూ ఏమీ అనరు." అప్పుడు కళ్ళు తెరిచాడు. వాళ్ళమ్మ తల దగ్గర నిలబడి ఉంది, మేజోళ్ళలోంచి నీళ్ళు కారుతూ.

దెబ్బ చూసినప్పటి కన్నా ఆ మాటకే నేను ఎక్కువ అదిరిపోయాను. ఇన్నేళ్ళ చదువు, అన్నేసి దణ్ణాలు, రోజూ క్యారియర్లు, ఇవన్నీ వాడి గుండెల మీద రాళ్ళలా ఉన్నాయని మాలో ఒక్కరికీ తోచలేదు. వదిన ఏడవలేదు. వంగి వాడి నుదుటి మీద మంచు తుడిచింది, అంతే.

మనాలి ఊళ్ళో ఆస్పత్రిలో కాలికి ఎక్స్‌రే తీశారు. మావారు మందులకి వెళ్ళారు. డాక్టరు వచ్చి, పెద్దదేం కాదు, చిన్న ఎముకలో చీలిక, కట్టు వేస్తాను, కర్ర సాయంతో వారంలో నడుస్తాడు అన్నాడు. రెండు వారాల్లో ఇంటర్వ్యూ ఉందండీ అని నేనే అడిగాను. "అచ్ఛా హై, ఆరామ్ సే జాయియే" అన్నాడు ఆయన, నిశ్చింతగా వెళ్ళొచ్చని. నేను వెంటనే మావాడి మొహం చూశాను. దీపం ఆర్పేసినట్టు అయింది. నాకంటే ముందే వదిన చూస్తోంది ఆ మొహాన్ని. ఆవిడకి హిందీ రాకపోవచ్చు గానీ ఆ మాట మాత్రం బాగానే అర్థమైంది.

మావారు మందుల సంచీతో తిరిగొచ్చి, ఏమన్నారు అని అడిగారు. నేను నోరు తెరిచేలోపు వదిన అంది, "నెల్లాళ్ళు మంచం దిగకూడదన్నాడురా. కదిలితే కాలు వంకరపోతుందట." మావారు కుర్చీలో కూలబడి, "మెడికల్ గ్రౌండ్స్. ఎవరేం చెయ్యగలం" అన్నారు. నేను వదిన వైపు చూస్తూ ఉండిపోయాను. ఈ మనిషేనా, ఇంట్లో ఉన్నవాణ్ణి లేడని చెప్పలేని మనిషి? ఆవిడ తడి మేజోళ్ళతోనే నన్ను తోడు తీసుకుని ఎదురుగా ఎస్టీడీ బూత్‌కి నడిచింది. కాకినాడకి చేసింది. "కాలు విరిగిందండి. ఇంటర్వ్యూ లేదు, డాక్టరు వద్దన్నాడు. తప్పంతా నాది. దణ్ణం పెట్టి నా చేతులారా పలక వదిలాను" అంది. అవతల అన్నయ్యగారు అరుస్తున్న అరుపులు బూత్ బయట నాకు కూడా వినిపించాయి. ఆవిడ ఫోను చెవికి ఆనించి, "అవునండి, అవునండి" అంటూ ఆఖరి దాకా విని, పెట్టేసింది. నాతో ఒక్కటే మాట అంది. "వాడి నవ్వు చూశావు గదే."

ఇంటర్వ్యూ నాడు మా క్వార్టర్లో వాడు బారెడు పొద్దెక్కేదాకా పడుకున్నాడు. ఎండ మొహాన పడకుండా ఆవిడే పరదా వేసింది. తరవాత వాడు స్కూల్లో మేష్టారయ్యాడు, నోయిడాలో స్థిరపడ్డాడు, పిల్లలకి భూగోళం చెబుతాడు. బాగానే ఉన్నాడు. బాగుండడమంటే ఏమిటో వాణ్ణి చూస్తే తెలుస్తుంది. చుట్టాల్లో మాత్రం ప్రతి పెళ్ళిలోనూ వదిన మీద అదే వెక్కిరింత, దణ్ణం పెట్టి కొడుకు కలెక్టరు ఉద్యోగం పోగొట్టిన మహాతల్లి అని. అన్నయ్యగారు పోయేదాకా ఆ మాట అనని పండగ లేదు. ఆవిడ "అవునండి" అనేది, విస్తట్లో ఇంకాస్త పులుసు పోయించుకునేది. నిజం వదినకీ, వాడికీ, నాకూ, మా ముగ్గురికే తెలుసు. మేమెప్పుడూ దాని గురించి మాట్లాడుకోలేదు.

పోయిన చలికాలం నోయిడాలో వాళ్ళ బాల్కనీలో ఎండలో కూచుని ఇద్దరం బఠాణీలు వొలుస్తుంటే, ఎన్నాళ్ళనుంచో నాలో ఉన్నది అడిగేశాను. "వదినా, ఆ రోజు మీరు ఎలా అనగలిగారు, డాక్టరు వద్దన్నాడని?"

ఆవిడ చేతిలో కాయ ఆపి నన్ను వింతగా చూసింది. "అనడవేవిటే? వద్దన్నాడు గదా. నువ్వూ పక్కనే ఉన్నావు. కాలు వంకరపోతుందన్నాడు." దాచడం కాదు, ఆటపట్టించడం కాదు. ఆ కళ్ళలో నిజంగానే డాక్టరు నిలబడి వద్దంటున్నాడు. నేను అదిరిపడి, అవును, మర్చిపోయాను అన్నాను. ఆవిడ జన్మలో ఆడిన ఒకే ఒక్క అబద్ధాన్ని కాలం, ఇన్నేళ్ళు తీసుకుని మెల్లగా, ఆవిడకి నిజం చేసి ఇచ్చేసింది.